ఇంటికి సీసీ కెమెరాలు: ఎంపిక నుంచి బిగింపు దాకా

కెమెరాలు అమ్మే దుకాణంలో అడుగు పెట్టగానే వినిపించే మొదటి ప్రశ్న "ఎన్ని పెట్టమంటారు?" అన్నదే. నాలుగు కెమెరాలు, నాలుగు చానెళ్ల డీవీఆర్ (కెమెరాల చిత్రాన్ని రికార్డు చేసే పెట్టె), ఒక టీబీ హార్డ్ డిస్క్, తొంభై మీటర్ల కేబుల్ చుట్ట కలిపి ప్యాకేజీగా అమ్మడం ఊరూరా అలవాటైంది గనుక, కొనేవారు కూడా ఇంటికి నాలుగు మూలలు, మూలకో కెమెరా అని లెక్క వేసుకుని వచ్చేస్తారు. తీరా ఏదైనా జరిగాక రికార్డింగు తీసి చూస్తే, టోపీ పెట్టుకున్న ఒక ఆకారం అటు నుంచి ఇటు నడిచి వెళ్లడం తప్ప ఇంకేమీ తేలదు. ఇంటి కెమెరాల నుంచి మీరు ఆశించవలసినవి రెండే. లోపలికి వచ్చిన మనిషి ముఖం గుర్తుపట్టేంత స్పష్టంగా ఒక్క చోటైనా పడాలి. అవసరమైన రోజున ఆ రికార్డింగు చెరిగిపోకుండా చేతికి అందాలి. కింద చెప్పే పనులన్నీ ఈ రెండింటి కోసమే. సుమారు రెండు వందల గజాల స్థలంలో ప్రహరీ గోడ, ముందు గేటు, పక్కన సందు, వెనక పెరడు, డాబా మీదికి బయటి మెట్లు ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఫ్లాటుకు, అద్దె ఇంటికి తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

ముందు ఇంటి చుట్టూ నడవండి

దుకాణానికి వెళ్లే ముందు ఒక కాగితం, కొలత టేపు పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక నడవండి. ఇంటి నమూనాను చేత్తో గీసి, బయటి మనిషి లోపలికి రావడానికి ఎన్ని దారులున్నాయో, ఏ దారిలో వచ్చినా తప్పనిసరిగా దాటవలసిన ఇరుకైన చోటు ఏదో గుర్తు పెట్టండి. మన ఇళ్లలో అలాంటి చోట్లు సాధారణంగా మూడు: గేటు, సింహద్వారం ముందున్న వరండా, డాబా మెట్ల మొదలు. నాలుగోది వెనక తలుపు లేదా పక్క సందు. ప్రహరీ దూకి వచ్చినవాడు గేటును దాటకపోవచ్చు గానీ, తలుపు దగ్గరికో మెట్ల దగ్గరికో రాక తప్పదు. అందుకే మూలల కంటే ఈ ఇరుకు చోట్లకే మొదటి కెమెరాలు కేటాయించాలి. గుర్తు పెట్టిన ప్రతి చోటికీ, కెమెరా బిగించగల గోడకూ మధ్య దూరాన్ని అడుగుల్లో కొలిచి కాగితం మీదే రాయండి. కెమెరా ఎంపికంతా ఈ అంకె మీదే నడుస్తుంది.

వీధి మొత్తం కనిపించేలా ఒకటి పెట్టించుకోవాలని చాలామందికి ఉంటుంది. అది చివరి ప్రాధాన్యం. మామూలు ఇంటి కెమెరాతో రాత్రిపూట బండి నంబరు చదవడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే హెడ్‌లైటు వెలుగుకు చిత్రం తెల్లబారుతుంది, నంబరు పలక కూడా కెమెరా చీకట్లో వేసే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని తిప్పికొట్టి తెల్లటి ముక్కలా కనిపిస్తుంది. ఆ డబ్బుతో సింహద్వారం దగ్గర మెరుగైన కెమెరా పెట్టించుకోవడం మేలు.

మెగాపిక్సెల్ కన్నా ముందు లెన్సు

దుకాణాల్లో బేరమంతా మెగాపిక్సెళ్ల మీదే సాగుతుంది: రెండా, ఐదా, ఎనిమిదా అని. నిజానికి ముఖం కనబడడం, కనబడకపోవడం అన్నది ఆ మనిషి నిలబడిన చోట ఒక మీటరు వెడల్పుకు ఎన్ని పిక్సెళ్లు (చిత్రాన్ని కూర్చే చుక్కలు) పడుతున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. నిఘా కెమెరాలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 (2014 కూర్పు) ప్రకారం, ముక్కూ మొహం తెలియని మనిషిని గుర్తించాలంటే మీటరుకు 250 పిక్సెళ్లు కావాలి. ముందే తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలు.

ఈ లెక్కను మీ ఇంటికి వర్తింపజేసి చూడండి. 2 మెగాపిక్సెళ్ల కెమెరా చిత్రం అడ్డంగా 1920 పిక్సెళ్లు ఉంటుంది. ప్యాకేజీలో తరచుగా వచ్చే 2.8 ఎంఎం లెన్సు వంద డిగ్రీలకు మించిన వెడల్పును చూపిస్తుంది కాబట్టి, ఇరవై అడుగుల దూరంలోని గేటు దగ్గరకు వచ్చేసరికి ఆ చిత్రం పదిహేను మీటర్లకు పైగా పరుచుకుంటుంది. మీటరుకు పడేవి సుమారు 120 పిక్సెళ్లు మాత్రమే. అంటే వచ్చింది మీ మేనల్లుడైతే పోల్చుకోగలరు, ఎవరో కొత్తవాడైతే గుర్తించలేరు. అదే 2 మెగాపిక్సెళ్ల కెమెరాను 6 ఎంఎం లెన్సుతో తీసుకుంటే గేటు దగ్గర చిత్రం వెడల్పు సుమారు ఆరు మీటర్లకు తగ్గి, మీటరుకు 300 పిక్సెళ్లు దాటుతాయి. 2.8 ఎంఎం లెన్సుతో ఈ స్పష్టత దగ్గరికి రావాలంటే 8 మెగాపిక్సెళ్ల కెమెరా కొనాలి, అప్పటికీ కాస్త వెనకే ఉంటుంది. కాబట్టి మీ కాగితం మీద దూరం పది అడుగుల లోపు ఉన్న చోట్లకు, అంటే వరండా, మెట్లు, సందు మొదలు వంటి వాటికి 2.8 ఎంఎం; పది నుంచి పదిహేను అడుగులకు 3.6 లేదా 4 ఎంఎం. గేటు ఇరవై అడుగులుంటే 6 ఎంఎం అడగండి. దుకాణదారు "అన్నిటికీ ఒకటే లెన్సు వస్తుంది సార్" అంటే, వేరే లెన్సు తెప్పించి ఇవ్వమనండి. తెప్పించడం అసాధ్యమేమీ కాదు, ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుందంతే.

ఎత్తు విషయంలోనూ ఇదే తర్కం. కెమెరా చేతికి అందకూడదని పన్నెండు, పదిహేను అడుగుల ఎత్తున బిగిస్తే రికార్డయ్యేది నడినెత్తి. ముఖం పడవలసిన కెమెరాను ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తులో ఉంచి, చేతికి అందే అవకాశం ఉంటే కేబుల్ బయటికి కనిపించని డోమ్ (గోపురం ఆకారపు) రకాన్ని వాడండి. పెరడు, సందు మొత్తం కనిపించాల్సిన కెమెరా కాస్త ఎత్తుగా ఉన్నా నష్టం లేదు.

డీవీఆర్, ఎన్‌వీఆర్, వైఫై: ఎవరికి ఏది

ఇక్కడ పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. ఇల్లు ఇంకా కట్టుబడిలో ఉంటే, గోడలకు ప్లాస్టరింగు చేయకముందే ప్రతి కెమెరా చోటికీ ఒక పైపు వేయించి అందులో క్యాట్-6 కేబుల్ లాగించండి. ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ తీగతో పనిచేసేవి), వాటి రికార్డరైన ఎన్‌వీఆర్, నెట్‌వర్క్ తీగలోనే కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్ పెట్టుకుంటే చిత్రమూ కరెంటూ ఆ ఒక్క తీగలోనే వెళ్తాయి, వంద మీటర్ల దాకా ఇబ్బంది ఉండదు. ఇల్లు పాతదై, ఇప్పటికే 3+1 కోయాక్సియల్ కేబుల్ (చిత్రం తీగ, కరెంటు తీగలు కలిసి వచ్చేది) తిప్పి ఉంటే హెచ్‌డీ అనలాగ్ కెమెరాలు, డీవీఆరే చవక, ఇంటి అవసరానికి సరిపోతాయి కూడా. అద్దె ఇల్లైనా, ఫ్లాటైనా, గోడకు రంధ్రాలు వేయడానికి యజమాని ఒప్పుకోకపోయినా, మెమరీ కార్డు వేసే వైఫై కెమెరా ఒకటి తలుపు లోపలి వైపు పెట్టుకోండి. ఇవి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మాత్రమే కలుస్తాయి గనుక, రౌటర్‌లో దానికీ 5 గిగాహెర్ట్జ్‌కూ ఒకే పేరు ఉంటే వేర్వేరు పేర్లు పెట్టాలి. మెమరీ కార్డును "హై ఎండ్యూరెన్స్" అని రాసి ఉన్న రకమే కొనండి. ఫోన్లలో వేసే మామూలు కార్డులు పగలూ రాత్రీ రాతను ఎక్కువకాలం తట్టుకోలేవు.

పొలంలో మోటారు స్టార్టరును, తీగను కాపాడుకోవడానికి సోలార్ పలకతో వచ్చే 4జీ సిమ్ కెమెరాలు ఇప్పుడు పల్లెల్లో బాగా కనిపిస్తున్నాయి. వాటికి ఇంటి వ్యవస్థతో ముడి పెట్టవద్దు. అవి కదలిక కనిపిస్తేనే మేల్కొనే రకం కాబట్టి, ఇంట్లోలాగా నిరంతర రికార్డింగు వాటి నుంచి ఆశించకూడదు.

ఏ రకం కొన్నా బిల్లు తీసుకోవడం, పెట్టె మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు, ఆర్-తో మొదలయ్యే నంబరు చూడడం మరిచిపోకండి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2024 ఏప్రిల్‌లో ప్రకటించి, 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల ప్రకారం సీసీ కెమెరాలను భద్రతా లోపాల కోసం గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో పరీక్షించాలి. పేరూ ఊరూ లేని పాత సరుకు తక్కువ ధరకు వదిలించుకునే ప్రయత్నాలు జరుగుతాయి గనుక, "ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉన్న మోడలేనా?" అని ఒక్క మాట అడగండి. ఎస్‌టీక్యూసీ అంటే ఆ మంత్రిత్వ శాఖ పరీక్షా విభాగం.

ఎండ, చీకటి, వాన

తూర్పు ముఖం ఇల్లు మనవారికి ఇష్టం, కెమెరాకు కాదు. వరండాలో తలుపు పైన తూర్పుకు తిప్పి బిగించిన కెమెరాకు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా సూర్యుడు సూటిగా ఎదురవుతాడు, లోపలికి వచ్చే మనిషి నల్లటి నీడలా కనిపిస్తాడు. కెమెరాను తలుపు పైన కాకుండా వరండా పక్క గోడకు బిగించి, ఉత్తరానికో దక్షిణానికో వాలుగా చూసేలా తిప్పితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. అలా కుదరకపోతే 120 డెసిబెళ్ల అసలైన డబ్ల్యూడీఆర్ (ఎదురు వెలుగులోనూ నీడలోని ముఖం కనిపించేలా చేసే సదుపాయం) ఉన్న కెమెరా తీసుకోండి. పెట్టె మీద "డిజిటల్ డబ్ల్యూడీఆర్" అని ఉన్నది దానికి సాటి రాదు.

రాత్రి చిత్రం చెడిపోవడానికి కారణం తరచుగా కెమెరా కాదు, దాని పక్కనున్న గోడ. సన్‌షేడ్ కిందో, స్తంభం పక్కనో బిగించినప్పుడు కెమెరా ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఆ తెల్లసున్నం గోడకు తగిలి వెనక్కి వచ్చి లెన్సును ముంచేస్తుంది, అప్పుడు చిత్రంలో ఒక మూల పాలలా తెల్లగా, మిగతాది మసిలా నల్లగా ఉంటుంది. కెమెరాను గోడ అంచుకు లేదా సన్‌షేడ్ చివరకు జరిపితే చాలు. వరండాలో ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వెలుగుతూ ఉండటం ఎంత ఖరీదైన నైట్ విజన్ కన్నా మేలైన ఏర్పాటు. రంగు ఉంటుంది, చొక్కా ఏ రంగో చెప్పగలుగుతారు. మనిషి కనిపించగానే తెల్ల లైటు వేసుకునే డ్యూయల్ లైట్ కెమెరాలు కూడా బాగానే పనిచేస్తాయి.

బయట బిగించేవి నీరు, దుమ్ము చొరబడని ఐపీ66 లేదా ఐపీ67 రకానివై ఉండాలి. అయితే వానకు పాడయ్యేది కెమెరా కన్నా దాని వెనక వేలాడే జాయింటు. బీఎన్‌సీ (చిత్రం తీగను కలిపేది), కరెంటు పిన్నులను గోడకు వేలాడదీసి టేపు చుట్టి వదిలేస్తే, మొదటి వానాకాలానికే పచ్చగా చిలుము పట్టి చిత్రంలో గీతలు మొదలవుతాయి. ప్రతి కెమెరా వెనకా ఒక పీవీసీ జంక్షన్ బాక్సు పెట్టించి, జాయింట్లన్నీ అందులోకి నెట్టి, తీగ కింది నుంచి లోపలికి వచ్చేలా చేయించండి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో, తెలంగాణ పల్లెల్లో మరీను, కేబుల్ అంతా పైపులోనే వెళ్లాలి. డాబా పిట్టగోడ మీద వదులుగా వేసిన తీగ కోతికి ఉయ్యాలే.

కేబుల్, కరెంటు: బిల్లులో కనిపించని చోటు

ప్యాకేజీలో ధర తగ్గించడానికి అన్నిటికన్నా సులువైన చోటు కేబుల్. పూత మాత్రమే రాగిదై లోపల అల్యూమినియం ఉన్న తీగకూ, పూర్తి రాగి తీగకూ పైకి తేడా కనిపించదు. ఒక చివరను కోసి, బ్లేడుతో గీరి చూడండి. పూత కింద వెండి రంగు తేలితే అది అల్యూమినియమే. దీని ఫలితం ఎక్కడ కనబడుతుందంటే, పగలంతా చక్కగా పనిచేసిన పెరటి కెమెరా చీకటి పడగానే ఆరిపోవడంలో, లేదా వెలుగుతూ ఆరుతూ ఉండడంలో. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగినప్పుడు కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్నని నాసిరకం తీగలో 12 వోల్టులు దారిలోనే పడిపోతాయి, కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంది. మెకానిక్ వచ్చేది పగలు కాబట్టి అతనికి ఏ లోపమూ కనిపించదు. "కెమెరా పోయింది సార్, మార్చాలి" అంటాడు. మార్చినా అదే కథ. ఇలా జరిగితే ముందుగా అదే కెమెరాను డీవీఆర్ పక్కకు తెచ్చి, చిన్న తీగతో కలిపి, లెన్సుకు చెయ్యి అడ్డం పెట్టి దీపాలు వెలిగేలా చేసి చూడండి. అప్పుడు నిలకడగా పనిచేస్తే లోపం తీగదే. ముప్పై, నలభై మీటర్లు దాటే కెమెరాకు దాని దగ్గరలోనే ఒక 12 వోల్టుల అడాప్టరు విడిగా ఇవ్వడం మంచిది.

నాలుగు కెమెరాలు, డీవీఆర్, రౌటర్ కలిపి నలభై, యాభై వాట్లకు మించి లాగవు. కాబట్టి వీటన్నిటినీ ఇన్వర్టర్ లైనులోకి తీసుకోండి, రౌటర్‌ను మరిచిపోకుండా. ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ ఆ క్షణంపాటు డీవీఆర్ ఆగి మళ్లీ లేస్తుంది. ఆ నిమిషం రికార్డు కాదు, డిస్కుకూ చేటు. పిడుగులు ఎక్కువగా పడే ప్రాంతాల్లో ఇంటి ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, డీవీఆర్‌కు సర్జ్ (ఒక్కసారిగా ఎగసే కరెంటు) ప్రొటెక్టర్ పెట్టించండి. డాబా మీది పొడుగాటి కేబుల్ గుండా వచ్చే సర్జ్‌కు డీవీఆర్ పోర్టులు మాడిపోవడం వానాకాలం ముందు రోజుల్లో సర్వసాధారణం.

డీవీఆర్ ఎక్కడ పెట్టాలన్నది కెమెరా ఎక్కడ పెట్టాలన్నంత ముఖ్యం. హాల్లో టీవీ కింద దీపాలు మినుకుమంటూ ఉంటే, వచ్చినవాడు వెళ్తూ వెళ్తూ దాన్ని కూడా చంకలో పెట్టుకుపోతాడు. చోరీ వార్తల్లో "డీవీఆర్ కూడా ఎత్తుకెళ్లారు" అన్న వాక్యం చదవని వారుండరు. గాలి ఆడే అటకపైనో, మేడ మీది గదిలోనో, తాళం వేసే, గాలి రంధ్రాలున్న ఇనుప పెట్టెలోనో ఉంచండి. బీరువాలో మూసి పెడితే వేడికి డిస్కు చెడిపోతుంది. ఐపీ కెమెరాలైతే, ముఖం పడే ఆ ఒక్క కెమెరాలో మెమరీ కార్డు కూడా వేయిస్తే రెండో ప్రతి ఉంటుంది.

డిస్కు ఎంత కావాలి

2 మెగాపిక్సెళ్ల కెమెరాను హెచ్.265లో (వీడియోను కుదించి దాచే పద్ధతి) సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నిరంతరం రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 జీబీ అవుతుంది. నాలుగింటికి 86 జీబీ. 1 టీబీ డిస్కులో పదకొండు రోజులు, 2 టీబీలో ఇరవై మూడు రోజుల దాకా నిలుస్తుంది. తర్వాత పాతది చెరిగి కొత్తది రాస్తుంది. పెళ్లికో, తీర్థయాత్రకో పది రోజులు ఊరెళ్లి వచ్చి, ఆ తర్వాత ఇంకో నాలుగు రోజులకు బీరువాలో వస్తువు లేదని గమనించే ఇళ్లు మనవి. 2 టీబీ తప్పనిసరి అని నా అభిప్రాయం. డిస్కును నిఘా పనికోసం తయారైన రకమే అడగండి, డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ వంటివి. పాత కంప్యూటర్ నుంచి తీసిన డిస్కు బిగించి ఇచ్చేవారున్నారు, బిల్లు మీద మోడల్ రాయించుకుంటే ఆ గొడవ ఉండదు.

బిగించిన రోజున మీరే చేయవలసిన సెట్టింగులు

ఫిట్టింగు పూర్తయి మెకానిక్ సామాను సర్దుకుంటున్నప్పుడు అతన్ని అరగంట కూర్చోబెట్టండి. మొదటి పని, యాప్. చాలాచోట్ల జరిగేదేమిటంటే, త్వరగా చూపించడానికి మెకానిక్ తన ఫోన్‌లో తన ఖాతాతో డీవీఆర్‌ను రిజిస్టర్ చేసి, దాన్ని మీకు "షేర్" చేసి వెళ్లిపోతాడు. అప్పుడు మీ ఇంటి కెమెరాలకు అసలు యజమాని అతనే. రేపు ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. మీ ఫోన్ నంబరుతో, మీ ఖాతాతో, డీవీఆర్ అడుగున ఉన్న క్యూఆర్ కోడ్‌ను మీరే స్కాన్ చేసి జోడించుకోండి. "ఈ పరికరం ఇప్పటికే వేరే ఖాతాలో ఉంది" అని వస్తే, అతని ఖాతా నుంచి మీ ఎదుటే తీయించండి.

రెండోది పాస్‌వర్డ్. మెకానిక్ పెట్టిన పాస్‌వర్డ్ ఆ ఊళ్లో అతను బిగించిన ఇళ్లన్నిటికీ ఒకటే అయి ఉండే అవకాశం ఎక్కువ. అతను వెళ్లిన వెంటనే మార్చి, కొత్తదాన్ని కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు దాచండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2016లో మిరాయ్ అనే వైరస్, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశం చేసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పరికరాల ద్వారానే, వెబ్‌సైట్ల చిరునామాలు చూసే డిన్ అనే సంస్థపై దాడి జరిగి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి అందకుండా పోయాయి. రౌటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే బయటికి దారి తెరుచుకునే సదుపాయం) ఆపివేయండి, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి నేరుగా డీవీఆర్‌కు దారి తెరవడం) చేస్తానని ఎవరైనా అంటే వద్దనండి, యాప్‌లో ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కనిపిస్తే చేయండి.

మూడోది గడియారం. కొన్ని డీవీఆర్‌లు చైనా సమయంతోనే వస్తాయి, అంటే మనకన్నా రెండున్నర గంటలు ముందు. టైమ్ జోన్‌ను జీఎంటీ +5:30కి మార్చి, ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి సమయాన్ని సరిచేసుకునే సదుపాయం) ఆన్ చేయండి. రాత్రి రెండున్నరకు జరిగినది ఐదుకు జరిగినట్టు రికార్డయితే, ఆ ఫుటేజీని ఎవరికి చూపినా మొదట తలెత్తే అనుమానం దాని మీదే.

ఆ తర్వాత హెచ్చరికలు. కదలిక కనిపించిన ప్రతిసారీ ఫోన్ మోగేలా వదిలేస్తే, దండెం మీది చీర, వేపకొమ్మ, వీధి కుక్క కలిసి రోజుకు వందసార్లు మోగిస్తాయి, నాలుగో రోజున మీరే నోటిఫికేషన్లు ఆపేస్తారు. మనిషిని మాత్రమే గుర్తించే సెట్టింగు ఉంటే అది ఎంచుకుని, మెట్లు, వెనక తలుపు దగ్గర మాత్రం రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా మోగేలా పెట్టుకోండి. రికార్డింగు మాత్రం కదలికతో పని లేకుండా నిరంతరం సాగనివ్వండి.

పిల్లలు హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉండి ఊళ్లో తల్లిదండ్రుల ఇంటిని చూసుకోవాలనుకుంటే, యజమాని ఖాతా తల్లిదండ్రుల పేరనే ఉంచి, పిల్లలకు చూడడానికి మాత్రమే అనుమతి ఇచ్చే షేరింగు చేయండి. దూరం నుంచి చూసేటప్పుడు సబ్ స్ట్రీమ్ (తక్కువ స్పష్టత గల తేలికైన చిత్రం) ఎంచుకుంటే ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నా చిత్రం ఆగదు. హాల్లో కెమెరా పెట్టాలా వద్దా అన్నది పెద్దవాళ్లను అడిగి తేల్చుకోవలసిన సంగతి. నాన్నగారు పంచె సర్దుకోవడానికి కూడా సంకోచించే ఇల్లు ఎవరికీ వద్దు.

ఎక్కడ పెట్టకూడదు

పడకగది, స్నానాల గది, బట్టలు మార్చుకునే చోటు, పనిమనిషి విశ్రాంతి తీసుకునే చోటు కెమెరా పరిధిలోకి రాకూడదు. ఒకరి ఆంతరంగిక శరీర భాగాలను అనుమతి లేకుండా చిత్రించినా, పంచినా ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పక్కింటి కిటికీ, డాబా మీ చిత్రంలో పడుతుంటే, డీవీఆర్‌లో ఉండే ప్రైవసీ మాస్క్‌తో ఆ భాగాన్ని నల్లగా కప్పి, ఆ తెరను పక్కింటివారికి ఒకసారి చూపించండి; తర్వాత వచ్చే తగాదాలు చాలావరకు అక్కడే ఆగుతాయి. పై వాటాలో అద్దెకున్నవారి తలుపును చూసే కెమెరా వారిని అడగకుండా పెట్టవద్దు. అన్నదమ్ములు ఒకే ఇంట్లో వాటాలుగా ఉంటున్నా ఇదే పద్ధతి: ఇంటి లోపలి నివాస భాగంలో తోటి నివాసి సమ్మతి లేకుండా కెమెరాలు నడపడం అతని గోప్యతకు భంగమని 2025లో కలకత్తా హైకోర్టు తీర్పిచ్చింది, సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. మైకు ఉన్న కెమెరాల్లో మాటల రికార్డింగును ఆపి ఉంచడమే మర్యాద.

పరీక్షించండి, తర్వాత కూడా చూస్తూ ఉండండి

డబ్బు పూర్తిగా చెల్లించే ముందు, చీకటి పడ్డాక ఇంట్లో ఒకరిని టోపీ పెట్టుకుని గేటు నుంచి తలుపు దాకా, సందు నుంచి మెట్ల దాకా మామూలుగా నడవమనండి. లైవ్ చూడవద్దు, పది నిమిషాల తర్వాత రికార్డింగులోకి వెళ్లి, ఆ నడకను వెతికి, ఒక చోట ఆపి చూడండి. కళ్లు, ముక్కు, మీసం తెలియాలి. తెలియకపోతే కెమెరా కోణం మార్చించండి, లెన్సు మార్చించండి, బల్బు పెట్టించండి. ఈ పని మెకానిక్ ఉండగానే అవ్వాలి, మర్నాడు ఫోన్ చేస్తే అతను ఇంకో ఊళ్లో ఉంటాడు.

నెలకొకసారి లెన్సును మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, సాలెగూడు తీసేయండి. రాత్రి కెమెరా దీపాలకు పురుగులు, పురుగుల కోసం సాలీళ్లు చేరతాయి. గాలికి కదిలే ఒక్క దారం రాత్రంతా తెల్లటి తాడులా చిత్రం మీద ఊగుతుంది. అదే రోజున వారం కిందటి తేదీని ఎంచుకుని రికార్డింగు ఉందో లేదో చూడండి. డిస్కు చెడిపోయినా లైవ్ చిత్రం యథావిధిగా వస్తూనే ఉంటుంది గనుక, ఈ ఒక్క పరీక్ష చేయకపోతే నెలల తరబడి ఏమీ రికార్డు కావడం లేదన్న సంగతి బయటపడదు.

ఊరెళ్లేటప్పుడు కెమెరాలున్నాయి కదా అని నిశ్చింతగా ఉండకుండా, పక్కింటి వారికి చెప్పి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారు ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) సేవ గురించి దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో వాకబు చేయండి. ఇంటికి తాళం వేసి వెళ్తున్నట్టు ముందుగా నమోదు చేసుకుంటే పోలీసులే వచ్చి కదలికలను పసిగట్టే కెమెరాను ఉచితంగా బిగించే ఏర్పాటు అది.

దొంగతనం జరిగిందని తెలిస్తే 112కు ఫోన్ చేసిన తర్వాత మీరు చేయవలసిన మొదటి పని ఆ సమయపు ఫుటేజీని పెన్‌డ్రైవ్‌లోకి తీయడం. డీవీఆర్ బ్యాకప్ మెనూలో కెమెరా, తేదీ, మొదలు, ముగింపు సమయాలు ఎంచుకోవాలి, ముందూ వెనకా ఒక గంట అదనంగా. తెరను ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపిన ముక్క సాక్ష్యంగా నిలబడడం కష్టం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు దాని హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల వరస) కూడిన ధ్రువపత్రం జత చేయాలి. ఆ పత్రం నింపడంలో దర్యాప్తు అధికారి సహాయం తీసుకోండి. డిస్కు నిండి ఆ రోజు చెరిగిపోయే ప్రమాదం ఉంటే, పోలీసులు వచ్చేలోపు డీవీఆర్‌ను మెనూ నుంచి సక్రమంగా షట్‌డౌన్ చేసి ఉంచండి, ప్లగ్గు లాగవద్దు. వారు డీవీఆర్‌నే స్వాధీనం చేసుకుంటే రసీదు తీసుకుని, అందులో డీవీఆర్, డిస్కుల సీరియల్ నంబర్లు రాయించుకోండి.